కొత్త ల్యాబ్ సాఫ్ట్‌వేర్ వస్తుండగా ఈహెచ్‌ఆర్‌లో ఏవి మార్చాలి, ఏవి ఆపాలి?

ఐటీగది_బెజవాడ
మా ఆసుపత్రిలో ఇప్పటివరకు ల్యాబ్ పని మొత్తం ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లోని ఒక చిన్న మాడ్యూల్‌తోనే నడిచింది. ఇప్పుడు ల్యాబ్‌కు వేరే సంస్థ తయారుచేసిన ఎల్‌ఐఎస్ (ల్యాబ్ సమాచార వ్యవస్థ) పెడుతున్నారు. వైద్యులు చూసే ఈహెచ్‌ఆర్ (రోగుల ఎలక్ట్రానిక్ రికార్డు) పాతదే కొనసాగుతుంది, రెంటి మధ్య హెచ్‌ఎల్‌7 (ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు సమాచారం పంచుకునే ప్రమాణం) సందేశాలు నడుస్తాయి. ముందుగా క్యాజువాల్టీలోనూ ఒక మెడికల్ వార్డులోనూ మొదలుపెట్టాము. ల్యాబ్‌లో ఫలితం ధ్రువీకరించిన తర్వాత కూడా అది తెర మీద వెతికితే గానీ దొరకడం లేదని వైద్యులు అంటున్నారు. దానితో ల్యాబ్‌కు వచ్చే ఫోన్లు మునుపటికంటే పెరిగాయి. ఇదే అదనుగా ఆర్డర్ తెర మార్చాలని, ఆర్డర్ సెట్లు (ఒకేసారి కలిపి ఆర్డర్ చేసే పరీక్షల జాబితాలు) కొత్తగా రాయాలని, ట్రెండ్ గ్రాఫులు, ప్రమాదకర ఫలితాలకు హెచ్చరికలు పెట్టాలని విభాగాధిపతులు పెద్ద జాబితా ఇచ్చారు. ఎల్‌ఐఎస్ కుదురుకునేవరకు ఈహెచ్‌ఆర్‌ను ముట్టుకోకూడదని నా అభిప్రాయం. ఇలాంటి మార్పిడి దగ్గరుండి చూసినవారు ఏమంటారు?

ఫిజీషియన్_ఓరుగల్లు
ముట్టుకోకపోతే ఎలాగండీ? మీరు చెప్పిన ఫిర్యాదే ఈహెచ్‌ఆర్‌కు సంబంధించినది. మా దగ్గర ల్యాబ్ సాఫ్ట్‌వేర్ మారిన మరునాటి నుంచి పొటాషియం రెండు వరుసల్లో కనిపించసాగింది. పాతవి "సీరం పొటాషియం" అనే వరుసలో ఆగిపోయాయి, కొత్తవి "పొటాషియం, ఐఎస్‌ఈ పద్ధతి" అనే వరుసలో మొదలయ్యాయి. కిడ్నీ రోగి విషయంలో ఈరోజు క్రియాటినిన్ 2.4 అని తెలిస్తే సరిపోదు. ఆరు నెలల క్రితం 2.3 ఉందా, 1.1 ఉందా అన్నదాన్ని బట్టి చికిత్స మారుతుంది. ఆ చరిత్ర మరో పేజీలోకి వెళ్ళిపోతే డ్యూటీ డాక్టర్ రాత్రి రెండు గంటలకు దాన్ని వెతుకుతాడని ఆశించలేము.

ఇంటర్‌ఫేస్_ఇంజినీర్
పై పోస్టులో చెప్పిన రెండు వరుసల సమస్యకు కారణం ఈహెచ్‌ఆర్ ఫలితాలను పరీక్ష పేరును బట్టి గానీ, ల్యాబ్ సొంత కోడును బట్టి గానీ గుంపు కట్టడమే. కొత్త ఎల్‌ఐఎస్‌లో సొంత కోడ్లు మారతాయి కాబట్టి వరుస తెగిపోతుంది. దీనికోసమే లోయింక్ ఉంది. అమెరికాలోని రీగన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ 1994లో మొదలుపెట్టిన ఈ కోడ్ల వ్యవస్థను మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఈహెచ్‌ఆర్ ప్రమాణాలలో కూడా సూచించింది. సీరం లేదా ప్లాస్మా పొటాషియానికి 2823-3, క్రియాటినిన్‌కు 2160-0. పాత పరీక్షకూ కొత్త పరీక్షకూ ఇదే కోడ్ తగిలించి, గ్రాఫును ఆ కోడ్ మీద కట్టమంటే వరుస తెగదు. తెర రూపం మార్చకుండానే ఈ పని చేయవచ్చు.

పాథాలజీ_ఎండీ
ఇంజినీర్ గారు చెప్పింది సగం వరకే సరి. కోడ్ ఒకటైతే చాలు, గీత కలిపేయవచ్చు అనుకోవడం ప్రమాదం.

బ్లడ్ గ్యాస్ యంత్రం ఇచ్చే పొటాషియం పూర్తి రక్తం మీద చేసినది, దాని కోడ్ 6298-4. సిరంజిలో ఎర్రకణాలు పగిలి పొటాషియం పెరిగినా, సీరంలో రంగు చూసి గుర్తుపట్టినట్టు అక్కడ గుర్తుపట్టలేము. ఈ రెంటినీ ఒకే వరుసలో పెడితే నమ్మదగిన అంకె పక్కన అనుమానించవలసిన అంకె ఏ గుర్తూ లేకుండా కూర్చుంటుంది.

ఇంకా పెద్ద ఉదాహరణ ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్). ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు యంత్రాలు కూడా మార్చే ఆసుపత్రులు చాలా ఉన్నాయి. పాత కిట్ మిల్లీలీటరుకు నానోగ్రాములలో 0.04 అని ఇచ్చే చోట హై సెన్సిటివిటీ కిట్ లీటరుకు నానోగ్రాములలో 40 అని ఇస్తుంది. యూనిట్ చూడకుండా గ్రాఫు గీస్తే ట్రోపోనిన్ వెయ్యి రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. యూనిట్ మార్చి గీసినా ట్రోపోనిన్ టి, ట్రోపోనిన్ ఐ అంకెలను పోల్చకూడదు. క్రియాటినిన్‌లో కూడా యాఫే పద్ధతికి, ఎంజైము పద్ధతికి తేడా వస్తుంది. కీటోయాసిడోసిస్‌తో వచ్చిన మధుమేహ రోగికి యాఫే పద్ధతిలో క్రియాటినిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపగలదు.

అందువల్ల ఏ పరీక్షను ఏ పరీక్షతో కలపాలన్నది పాథాలజిస్టు, బయోకెమిస్టు కూర్చుని ఒక్కొక్కటిగా చూసి సంతకం పెట్టవలసిన పట్టిక. ఐటీ వారు దాన్ని అమలు చేయాలే గాని తయారు చేయకూడదు.

ఇంటర్‌ఫేస్_ఇంజినీర్
సంతకం మాట ఒప్పుకుంటాను. కానీ ఆ పట్టిక కోసం మేము అడిగితే ల్యాబ్ నుంచి వచ్చేది పరీక్షల ధరల జాబితా మాత్రమే. అందులో నమూనా రకం ఉండదు, పద్ధతి ఉండదు, యూనిట్ కొన్నిచోట్లే ఉంటుంది. ఆ మూడు నిండకుండా సరైన లోయింక్ కోడ్ ఎవరూ ఎంచుకోలేరు.

పాథాలజీ_ఎండీ
అది న్యాయమైన మాటే. యంత్రాలతో వచ్చిన కిట్ కాగితాలు ముందు పెట్టుకుని ల్యాబ్ వారే ఆ గడులు నింపాలి. ఎక్కువగా జరిగే పరీక్షలతో మొదలుపెట్టండి, అరుదైనవి తర్వాత చూసుకోవచ్చు.

సిస్టర్_ఇన్‌ఛార్జి
అందరూ ఫలితం తెర మీదకు వచ్చిన తర్వాత సంగతే మాట్లాడుతున్నారు. నమూనా వార్డు దాటకముందే జరిగేది కూడా వినండి.

ఉదయం ఐదు గంటలకు తీయవలసిన రక్తానికి స్టిక్కర్లు నైట్ డ్యూటీ సిస్టర్ రాత్రి పదకొండుకే ప్రింట్ తీసి ట్రేలో పెట్టుకుంటుంది. వార్డుకు ఒక్కటే ప్రింటర్, అది నర్సింగ్ స్టేషన్‌లో ఉంటుంది, మంచం దగ్గర నుంచి ప్రతిసారీ నడిచి వెళ్ళే వీలు లేదు. కొత్త సిస్టమ్‌లో స్టిక్కర్ ప్రింట్ అయిన సమయాన్నే రక్తం తీసిన సమయంగా తీసుకునేలా పెట్టారు. దానితో ఉదయం ఐదింటి షుగర్ రాత్రి పదకొండింటిదిగా కేస్‌షీట్‌లోకి ఎక్కుతోంది. ఆ మధ్యలో ఇచ్చిన ఇన్సులిన్‌కు ముందుదో తర్వాతదో ఎవరికీ తెలియదు. ట్రాన్స్‌ప్లాంట్ రోగికి టాక్రోలిమస్ స్థాయి మందు వేసేముందు తీయాలి. ఆ సమయం తప్పుగా పడితే పరీక్ష చేసి కూడా ప్రయోజనం ఉండదు.

రెండోది, స్టిక్కర్ అంటించే తీరు. బార్‌కోడ్ గీతలు గొట్టం పొడవునా నిచ్చెన మెట్లలా రావాలి. గొట్టం చుట్టూ తిప్పి అంటిస్తే యంత్రం చదవదు, ల్యాబ్ అబ్బాయి దాన్ని పీకి మళ్ళీ అంటించాలి. కొందరు కంపెనీ లేబుల్ మీద కాకుండా పక్కన వదిలిన ఖాళీ మీద అంటిస్తారు. అప్పుడు లోపల రక్తం ఎంతవరకు ఉందో కనిపించదు. నీలం మూత గొట్టంలో గీత వరకు రక్తం లేకపోతే పీటీ (రక్తం గడ్డకట్టే సమయం) పరీక్షకు పనికిరాదని తిప్పి పంపుతారు, రోగికి మళ్ళీ సూది గుచ్చాలి.

చికాగో_ఇన్ఫర్మాటిక్స్
సిస్టర్ గారు చెప్పిన సమయం సంగతి ఈ చర్చలో అన్నిటికంటే ముందు పరిష్కరించవలసినది అని నేను అనుకుంటున్నాను. హెచ్‌ఎల్‌7 రెండో తరం సందేశాలలో దీనికి వేర్వేరు గదులు ఉన్నాయి. ఓబీఆర్ అనే ఆర్డర్ భాగంలో 7వ గది నమూనా సేకరించిన సమయానికి, 14వది ల్యాబ్‌కు నమూనా చేరిన సమయానికి, 22వది ఫలితం విడుదలైన లేదా దాని స్థితి మారిన సమయానికి. ఈహెచ్‌ఆర్ ఫలితాలను 7వ గదిని బట్టి వరుస పెట్టాలి. కొన్నిచోట్ల 22వ గదిని బట్టి వరుస పెట్టడం చూశాను. యంత్రం ఆగి ఉదయం నమూనా మధ్యాహ్నం నడిచిన రోజున పాత రక్తం ఫలితం కొత్తదానిపైన కూర్చుంటుంది.

పరిష్కారం మంచం దగ్గర స్కానింగ్. రోగి చేతిపట్టీ, ఆపై గొట్టం స్కాన్ చేసిన క్షణమే సేకరణ సమయం కావాలి. అందుకు చేతిలో ఇమిడే స్కానర్ చాలు, ప్రింటర్ ప్రతి మంచానికీ అక్కరలేదు.

సిస్టర్_ఇన్‌ఛార్జి
స్కానర్ ఉన్నా ముందే అంటించిన స్టిక్కర్ల గొట్టాలు ట్రేలో పెట్టుకుని బయలుదేరితే ఒకరి రక్తం మరొకరి గొట్టంలోకి వెళ్ళే ముప్పు అలాగే ఉంటుంది. రక్తం తీసిన తర్వాత, మంచం పక్కనే అంటించాలి. స్కానర్ ఇచ్చి అలవాటు మార్చకపోతే సగం పనే అవుతుంది.

చికాగో_ఇన్ఫర్మాటిక్స్
పూర్తిగా ఏకీభవిస్తాను.

చిన్నల్యాబ్_ఏలూరు
మాది యాభై పడకల ఆసుపత్రి. సెల్ కౌంటర్ నుంచి ఒక సీరియల్ కేబుల్ ద్వారా అంకెలు కంప్యూటర్‌లోకి వస్తాయి, మిగతావి టెక్నీషియనే చేత్తో కొడతాడు. ఇంత పెద్ద ఏర్పాట్లు మాకు అవసరమా?

ఇంటర్‌ఫేస్_ఇంజినీర్
అవసరమే, కాకపోతే తక్కువ మోతాదులో. ఇప్పుడు మీ యంత్రం ఫలితం పంపడమే గాని ఏమి చేయాలో అడగదు. రెండు వైపులా నడిచే ఏర్పాటు ఉంటే యంత్రం బార్‌కోడ్ చదివి, ఈ నమూనాకు ఏ పరీక్షలు చేయాలని ఎల్‌ఐఎస్‌నే అడుగుతుంది. టెక్నీషియన్ యంత్రం దగ్గర నమూనా నంబరు కొట్టే పని తప్పుతుంది, నంబరు తారుమారయ్యే ప్రమాదమూ తప్పుతుంది. చాలా యంత్రాలు ఏఎస్‌టీఎమ్ (యంత్రానికీ కంప్యూటర్‌కూ మధ్య సమాచార ప్రమాణం) పద్ధతిలో ఇది చేయగలవు. కొనేటప్పుడే అడగండి, తర్వాత అడిగితే వేరే ఖర్చు.

నాణ్యత_విభాగం
ప్రమాదకర ఫలితాల హెచ్చరికల గురించి మొదటి పోస్టులో రాశారు. మెడికల్ ల్యాబ్‌ల ఐఎస్‌ఓ 15189 ప్రమాణం, దాని 2022 కూర్పులో కూడా, ఇలాంటి ఫలితం వచ్చిన వెంటనే సంబంధిత వైద్యునికి తెలియజేయాలని, ఎవరికి ఎప్పుడు తెలియజేశారో నమోదు చేయాలని కోరుతుంది. ఈహెచ్‌ఆర్‌లో ఎర్ర పెట్టె లేచింది కాబట్టి తెలియజేసినట్టే అనుకోవద్దని నా మనవి. ఆర్డర్ పెట్టిన వైద్యుడు డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళిపోతే ఆ పెట్టె ఎవరి తెర మీద లేస్తుంది? ఫోన్ చేసి, అంకెను అవతలివారితో తిరిగి చెప్పించుకుని, ఆ వివరం ఎల్‌ఐఎస్‌లో రాయడం కొనసాగాలి.

ఫిజీషియన్_ఓరుగల్లు
నేను హెచ్చరికలు కావాలన్నవాడినే, కానీ ఒక షరతు. మా డయాలసిస్ యూనిట్‌లో ప్రతి రోగికీ క్రియాటినిన్ 8 దాటుతుంది. ఆసుపత్రి మొత్తానికి ఒకే హద్దు పెడితే అక్కడ ప్రతి ఫలితానికీ ఎర్ర పెట్టె లేస్తుంది. వారం తిరిగేసరికి అక్కడి సిబ్బంది చదవకుండా మూయడానికి అలవాటుపడతారు. పొటాషియం 7 వచ్చిన రోజున కూడా అదే చేయి అదే బటన్ నొక్కుతుంది. హద్దులు వార్డును బట్టి ఉండాలి, లేదా ఆ రోగి కిందటి ఫలితంతో పోల్చి ఉండాలి.

ఐటీగది_బెజవాడ
అందరి మాటలూ చదివాను. ఇక్కడే నా సందేహం బలపడుతోంది. హద్దులు, సమయాలు, కోడ్లు, స్కానర్లు అన్నీ ఒకేసారి మారిస్తే ఏదైనా తప్పు జరిగినప్పుడు అది ఎల్‌ఐఎస్‌దా, ఇంటర్‌ఫేస్‌దా, ఈహెచ్‌ఆర్‌దా అని ఎలా తేలుస్తాము? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు అవుతుందని భయం.

ఫిజీషియన్_ఓరుగల్లు
ఆర్డర్ సెట్ల విషయంలో ఆ భయం సరైనదే. ప్రతి ఉదయం సీబీపీ, ఆర్‌ఎఫ్‌టీ, ఎల్‌ఎఫ్‌టీ (రక్తకణాలు, కిడ్నీ, కాలేయ పరీక్షలు) పంపమని ఒకసారి ఆర్డర్ పెడితే డిశ్చార్జి వరకు ఆగని ఏర్పాటును మార్చాలని నేనే చాలాకాలంగా అడుగుతున్నాను. ఐసీయూలో రోగి నుంచి అనవసరంగా రక్తం పోతోంది. అయినా అది ఎల్‌ఐఎస్ కుదిరిన తర్వాత చేయవచ్చు. ఫలితం సరైన చోట, సరైన సమయంతో, సరైన యూనిట్‌తో కనిపించడం మాత్రం వాయిదా వేయదగినది కాదు. అది ఈహెచ్‌ఆర్‌ను అందంగా మార్చడం కిందికి రాదు, ఎల్‌ఐఎస్ అమలులో భాగమే.

మైక్రో_రీడర్
కల్చర్ (నమూనాలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) రిపోర్టుల గురించి ఎవరూ ఎత్తలేదు. బయోకెమిస్ట్రీ ఫలితం ఒక అంకె, ఒకసారి వస్తుంది. బ్లడ్ కల్చర్ ఒకే ఆర్డర్ మీద దశలవారీగా రోజుల తరబడి వస్తుంది. బాటిల్ పాజిటివ్ కాగానే గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడడం), ఆ తర్వాత క్రిమి పేరు, ఆ తర్వాత ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందన్న పట్టిక. నెగటివ్ అయితే సాధారణంగా ఐదు రోజులు చూసిన తర్వాతే తుది మాట.

ఫలితం స్థితిని హెచ్‌ఎల్‌7 సందేశంలోని ఓబీఎక్స్ అనే ఫలితాల భాగంలో 11వ గదిలో పంపుతారు. పి అంటే ప్రాథమికం, ఎఫ్ అంటే తుది, సి అంటే సవరించినది. మా ఈహెచ్‌ఆర్ ఆ అక్షరాన్ని తీసుకుంది గాని తెర మీద చూపలేదు. రెండో రోజు "ఎదుగుదల లేదు" అన్న ప్రాథమిక రిపోర్టును తుది రిపోర్టుగా చదివి యాంటీబయాటిక్ ఆపే పరిస్థితి వచ్చింది. వార్డు ఫార్మసిస్టు ఫోన్ చేసి అడగడం వల్ల ఆగింది. యాంటీబయాటిక్ పట్టిక కూడా నిలువు వరుసలుగా కాకుండా ఒకే పేరాగా వచ్చింది. మెరోపెనెమ్ ఎదురుగా ఉండవలసిన అక్షరం మరో మందు పక్కన చేరింది. మీ పరీక్షలలో తప్పనిసరిగా ఒక కల్చర్‌ను మొదటి నుంచి చివరి దాకా నడిపి, వార్డు కంప్యూటర్‌లోనే తెరిచి చూడండి. ఇంజినీర్ ల్యాప్‌టాప్‌లో బాగున్నది చాలదు.

పాథాలజీ_ఎండీ
సవరించిన ఫలితాలకూ ఇదే వర్తిస్తుంది. సవరణ పంపితే పాత అంకె మాయమై కొత్తది మాత్రమే మిగలకూడదు. పాత అంకెను చూసి ఇప్పటికే మందు మార్చిన వైద్యునికి ఏది మారిందో కనిపించాలి.

ఎంఆర్‌డీ_రికార్డులు
రోగి గుర్తింపు గురించి రెండు మాటలు. మన దగ్గర ఒకే వ్యక్తి ఒకసారి ఇంటిపేరు ముందు, మరోసారి వెనక నమోదవుతారు, ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా కౌంటర్‌ను బట్టి మారుతుంది. అందుకని రెండు యూహెచ్‌ఐడీలు (ఆసుపత్రి ఇచ్చే రోగి నంబర్లు) పుడతాయి. ప్రమాదాల్లో వచ్చినవారు క్యాజువాల్టీలో పేరు తెలియని రోగిగా ఎక్కుతారు. తర్వాత ఈహెచ్‌ఆర్‌లో మేము రెండు రికార్డులను కలుపుతాము. ఆ కలిపిన సంగతి ఎల్‌ఐఎస్‌కు చేరకపోతే పాత నంబరు మీదే ఫలితాలు వస్తుంటాయి, వాటికి ఈహెచ్‌ఆర్‌లో చోటు ఉండదు. మొదటి పోస్టులో ఫలితం దొరకడం లేదన్నారు కదా, క్యాజువాల్టీ కేసుల్లో కారణం ఇదేనేమో చూడండి.

చికాగో_ఇన్ఫర్మాటిక్స్
రికార్డులు కలిపిన సంగతి తెలిపే హెచ్‌ఎల్‌7 సందేశం ఏడీటీ ఏ40 అందుకే ఉంది. ఎల్‌ఐఎస్ దాన్ని స్వీకరిస్తుందా అని మాత్రమే కాకుండా, నమూనా ల్యాబ్‌లో నడుస్తూ ఉండగా రికార్డు కలిపితే ఏమవుతుందో కూడా పరీక్షించండి.

చిన్నల్యాబ్_ఏలూరు
ఆభా నంబరు వాడితే ఈ గొడవ తగ్గదా?

ఎంఆర్‌డీ_రికార్డులు
తీసుకున్నవారికి తగ్గుతుంది. 14 అంకెల ఆభా నంబరు 2021లో దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగం, కానీ అది ఐచ్ఛికం. స్పృహలేని రోగి దాన్ని చెప్పలేడు. కాబట్టి ఆసుపత్రి నంబరు పక్కన అదీ ఉంచుకోవాలి, దాని మీదే ఆధారపడకూడదు.

మెడ్‌కో_కరీంనగర్
ఒక చిన్న విషయం. ఆరోగ్యశ్రీ కేసులకు ల్యాబ్ రిపోర్టులు జతచేస్తాము. కొత్త ఎల్‌ఐఎస్ రిపోర్టులో రోగి పేరు, తేదీ, సంతకం ఎక్కడ వస్తాయో, అవి పీడీఎఫ్‌గా ఈహెచ్‌ఆర్ నుంచే దిగుతాయో లేదో క్లెయిముల విభాగానికి ముందే చూపించండి. ప్రారంభించిన తర్వాత తెలిస్తే మా పని ఆగిపోతుంది.

ఐటీగది_బెజవాడ
ఎంఆర్‌డీ గారి అనుమానం నిజమైంది. ఈరోజు ఇంటర్‌ఫేస్‌లో తిరస్కరణకు గురైన సందేశాల వరుస తెరిచి చూశాము. క్యాజువాల్టీవి ఎక్కువ భాగం కలిపిన రికార్డుల పాత నంబర్ల మీద వచ్చినవే. మెడికల్ వార్డువి మాత్రం వేరు. అక్కడ కొత్త పరీక్ష కోడ్లకు ఈహెచ్‌ఆర్‌లో జత లేక, ఫలితాలు "ఇతర పరీక్షలు" అనే చివరి ట్యాబ్‌లో పడుతున్నాయి. ఆ తిరస్కరణల వరుసను రోజూ చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదని కూడా తేలింది. ఇకనుంచి ప్రతి షిఫ్టులో ల్యాబ్ నుంచి ఒకరు, మా నుంచి ఒకరు చూస్తారు.

కోడ్ల పట్టిక, సేకరణ సమయం, ఫలితం స్థితి, రికార్డుల కలయిక, ఈ నాలుగూ మిగతా వార్డుల్లో ప్రారంభించేముందే సరిచేయాలని ప్రతిపాదిస్తున్నాను. ఆర్డర్ సెట్లు, కొత్త ఆర్డర్ తెర ఆ తర్వాతే. హెచ్చరికల సంగతి ఇంకా తేలలేదు. ప్రారంభించే రాత్రి పాత మాడ్యూల్‌లో సగంలో ఉన్న నమూనాలను ఏమి చేయాలి?

పాథాలజీ_ఎండీ
పాతదానిలో మొదలైనవి పాతదానిలోనే ముగించండి. ఒక సమయం నిర్ణయించి, ఆ తర్వాత పెట్టిన ఆర్డర్లే కొత్తదానికి వెళ్ళనివ్వండి. కల్చర్లు, బయాప్సీలు రోజుల తరబడి ఉంటాయి కాబట్టి అవి ముగిసేవరకు పాత మాడ్యూల్ మూయవద్దు.

మైక్రో_రీడర్
టీబీ కల్చర్లు ద్రవ మాధ్యమంలో ఆరు వారాల వరకు, ఘన మాధ్యమంలో ఎనిమిది వారాల వరకు ఉంటాయి. పాత సర్వర్ లైసెన్సు పొడిగింపు అడిగేటప్పుడు ఆ గడువు లెక్కలో పెట్టుకోండి.

సిస్టర్_ఇన్‌ఛార్జి
ఆ రాత్రికి కాగితం రిక్వెస్ట్ ఫారాలు ప్రతి వార్డులో ఉంచండి. ఫారం మీద రక్తం తీసిన సమయానికి ప్రత్యేకంగా ఒక గడి వేయించండి. సిస్టమ్ ఆగితే అది చూసి తర్వాత ఎక్కించుకోవచ్చు. సోమవారం మాత్రం మొదలుపెట్టకండి, ఆ రోజు ఓపీ రద్దీకి ల్యాబ్ ముందు నిలబడడానికే చోటుండదు.